ఆర్లెన్ స్పెక్టర్: గోడ మీద పిల్లా, ఫైలు చూసి తేల్చే మనిషా?

గోదారోడు_ఫిల్లీ:
అందరికీ నమస్తే. ఈ టాపిక్ ఎన్నాళ్ల నుంచో మొదలుపెడదామనుకుంటున్నాను. నేను 2010 ఎండాకాలం ముందు ఫిలడెల్ఫియా వచ్చాను. వచ్చిన కొత్తలో టీవీ పెడితే చాలు ఒకటే ఎన్నికల ప్రకటన. ఎనభై ఏళ్ల పెద్దాయన ఒకాయన, పార్టీ మారితే మళ్లీ గెలవగలుగుతాను అని తన నోటితో తానే చెబుతున్న క్లిప్పు. ఆయన ఎవరో నాకు అప్పుడు తెలియదు. మన దగ్గర కండువాలు మార్చేవాళ్లను చూసి చూసి ఉన్నాం కదా, ఇక్కడా అదే బాపతు అనుకుని వదిలేశాను. తర్వాత చదివే కొద్దీ నా అభిప్రాయం మారుతూ వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా ఒక చోట నిలబడలేదు, అందుకే మీ అందరితో మాట్లాడాలని.

ఆర్లెన్ స్పెక్టర్ 1930లో కాన్సాస్‌లోని విచిటాలో పుట్టాడు. తండ్రి ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన యూదుడు. పళ్లు అమ్మాడు, పాత ఇనుప సామాను వ్యాపారం చేశాడు. పిల్లవాడు పెరిగింది రస్సెల్ అనే చిన్న ఊళ్లో, బాబ్ డోల్ ఊరు కూడా అదే. యేల్‌లో లా చదివి 1959లో ఫిలడెల్ఫియాలో అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీగా చేరాడు. టీమ్‌స్టర్స్ అనే లారీ కార్మికుల సంఘం ఇక్కడి శాఖ నాయకుల మీద కేసు నడిపి 1963లో శిక్షలు వేయించాడు. అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీ ఆ సంఘం పెద్దల వెంట పడి ఉన్నాడు కాబట్టి ఈ కుర్ర లాయరు మీద ఆయన కన్ను కూడా పడింది. 1965లో డిస్ట్రిక్ట్ అటార్నీగా గెలిచి రెండు విడతలు చేశాడు. 1981 నుంచి 2011 ఆరంభం దాకా 30 ఏళ్లు సెనేటర్. పెన్సిల్వేనియాకు అంతకాలం సెనేటర్‌గా ఉన్నవాళ్లు మరొకరు లేరు.

నేను చెప్పాలనుకుంటున్నది ఒకటే. ఈయన సెనేట్‌కి వెళ్లాక కూడా ప్రాసిక్యూటర్‌గానే ఉండిపోయాడు. ప్రతి బిల్లునీ, ప్రతి నియామకాన్నీ ఒక కేసు ఫైలులా చూశాడు. ఆయన గొప్పా అందులోనే ఉంది, చేసిన ఘోరమైన తప్పూ అందులోనే ఉంది. మధ్యేవాది అని పేరు రావడానికి కారణం కూడా నా లెక్కలో అదే, సిద్ధాంతం కంటే ముందు సాక్ష్యం చూడటం.

ఓరుగల్లు వకీలు:
మంచి టాపిక్ ఎత్తుకున్నావు తమ్ముడూ. నేను కింది కోర్టుల్లో క్రిమినల్ ప్రాక్టీసు చేస్తాను, కాబట్టి మనవాళ్లకు ఒక తేడా చెప్పాలి. మన దగ్గర పీపీని, అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని, ప్రభుత్వం వేస్తుంది, పాత సీఆర్‌పీసీలో అది 24వ సెక్షన్, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 18. ప్రభుత్వం మారితే పీపీ కూడా మారతాడు, కోర్టు హాలు బయట జనానికి ఆయన పేరు కూడా తెలియదు. అమెరికాలో చాలా చోట్ల డిస్ట్రిక్ట్ అటార్నీ అంటే ఓట్లు అడిగి గెలిచే మనిషి. ఏ కేసు పెట్టాలి, దేన్ని వదలాలి, ఎవరితో బేరం కుదుర్చుకోవాలి అన్నదంతా ఆయన చేతిలో ఉంటుంది. అందుకే అక్కడ ఆ కుర్చీ నుంచి రాజకీయాల్లోకి దారి అంత తిన్నగా ఉంటుంది. మన పీపీకి ఆ అధికారమూ లేదు, ఆ జనాదరణా లేదు.

స్పెక్టర్ ఆఫీసులో పనిచేసిన కుర్ర లాయర్లలో ఎడ్ రెండెల్ ఒకడు. ఆయన తర్వాత అదే డిస్ట్రిక్ట్ అటార్నీ అయ్యాడు, ఆ తర్వాత నగర మేయరు, ఆపైన రాష్ట్ర గవర్నరు, అదీ డెమోక్రాట్‌గా. గురువుది ఒక పార్టీ, శిష్యుడిది ఇంకో పార్టీ.

కరీంనగర్ కుర్రోడు:
అన్నా ఒక డౌట్. 2009లో రిపబ్లికన్ల నుంచి డెమోక్రాట్లలోకి మారిన సంగతి అందరికీ తెలుసు. కానీ 1965లో కూడా మారాడు కదా? అంటే మొదలే ఫిరాయింపుతో, చివరా ఫిరాయింపే. దీన్ని గోడ మీద పిల్లి అనకుండా ఏమంటాం?

గోదారోడు_ఫిల్లీ:
@కరీంనగర్ కుర్రోడు నిజమే తమ్ముడూ, దాచేది ఏమీ లేదు. 1965లో ఆయన రిజిస్టర్ అయింది డెమోక్రాట్‌గా. ఫిలడెల్ఫియాలో అప్పటికే డెమోక్రాట్ల యంత్రాంగం గట్టిగా పాతుకుపోయి ఉంది, ఆయనకు వాళ్ల టికెట్ దొరకలేదు, రిపబ్లికన్ల టికెట్ మీద నిలబడి తన పాత బాస్ జేమ్స్ క్రమ్లిష్‌నే ఓడించాడు. గెలిచాక రిజిస్ట్రేషన్ మార్చుకున్నాడు.

అయితే ఆ తర్వాత ఏం జరిగిందో చూడు. రిపబ్లికన్ కావడం వల్ల ఆ ఊళ్లో సుఖపడింది ఏమీ లేదు. 1967లో మేయర్‌గా పోటీ చేసి జేమ్స్ టేట్ చేతిలో కొద్ది ఓట్లతో ఓడాడు. 1969లో మళ్లీ డిస్ట్రిక్ట్ అటార్నీగా గెలిచాడు, అప్పటి నినాదం "వయసులో చిన్నవాళ్లు, గట్టివాళ్లు, వీళ్లు ఎవరి సొత్తూ కాదు" అన్న అర్థంలో ఉండేది, బాస్కెట్‌బాల్ ఆటగాడు టామ్ గోలా ఆయనకు జోడీ. 1973లో అదే పదవి పోయింది. 1976లో సెనేట్ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే లోపలి ఎన్నికలో, జాన్ హైన్జ్ ఓడించాడు. 1978లో గవర్నర్ ప్రైమరీలో డిక్ థార్న్‌బర్గ్ ఓడించాడు. వరసగా మూడు ఓటములు తిని, యాభై ఏళ్ల వయసులో 1980లో పీట్ ఫ్లాహెర్టీ మీద గెలిచి సెనేట్‌లో అడుగుపెట్టాడు. కేవలం పదవి కోసమే అయితే మధ్యలో ఎప్పుడైనా డెమోక్రాట్లలోకి తిరిగి వెళ్లిపోయేవాడు అనిపిస్తుంది నాకు.

పాత పేపర్లు:
కెన్నెడీ హత్య మీద విచారణ జరిపిన వారెన్ కమిషన్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా నాన్నగారు పాత వారపత్రికలు కట్టలు కట్టి దాచేవారు, కెన్నెడీ హత్య గురించి అవి చదువుతూ పెరిగాను నేను, ఆ "ఒకే తూటా" వాదన ఈ స్పెక్టర్‌దే అని చాలా కాలం తెలియదు.

1964లో ఆయన వయసు 34. కమిషన్ సహాయ న్యాయవాదుల్లో ఒకడు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అక్కడ చూస్తున్న జప్రూడర్ అనే ఆయన తీసిన ఫిల్ములో కెన్నెడీకీ, ముందు సీట్లో ఉన్న గవర్నర్ కానల్లీకీ గాయాలు తగిలినట్లు కనిపించే క్షణాల మధ్య వ్యవధి చాలా తక్కువ. ఆ కెమెరా సెకనుకు సుమారు 18.3 ఫ్రేములు తీస్తుంది. హంతకుడని కమిషన్ తేల్చిన ఆస్వాల్డ్ తుపాకీతో ఒకసారి కాల్చి మళ్లీ కాల్చాలంటే కనీసం 2.3 సెకన్లు కావాలి. కాబట్టి ఒకే తూటా కెన్నెడీ మెడ గుండా వెళ్లి కానల్లీకి తగిలి ఉండాలి, లేదంటే రెండో మనిషి కాల్చి ఉండాలి. స్పెక్టర్ మొదటిది సాక్ష్యాలతో నిలబడుతుందన్నాడు. 888 పేజీల నివేదిక ఆ ఏడాది సెప్టెంబరులో అధ్యక్షుడు జాన్సన్‌కు ఇచ్చారు.

జనం నమ్మలేదు, ఇప్పటికీ చాలామంది నమ్మరు. ఆయన మాత్రం చచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. పార్టీ విషయంలో కదిలినవాడు దీని మీద అంగుళం కూడా కదలలేదు. నీ ఫైలు వాదనకు ఇది బలమే గోదారోడు గారూ.

చెలిమి:
నేను ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. 1991 అక్టోబరు గురించి ఒక్కరూ మాట్లాడలేదు, అందుకని రాస్తున్నాను.

క్లారెన్స్ థామస్‌ను సుప్రీంకోర్టుకు వేసేటప్పుడు, ఓక్లహోమా యూనివర్సిటీలో లా ప్రొఫెసర్‌గా ఉన్న అనితా హిల్ వచ్చి, ఆయన కింద పనిచేసినప్పుడు తనతో అసభ్యంగా మాట్లాడేవాడని చెప్పింది. కమిటీలో ఉన్న పద్నాలుగు మందీ మగవాళ్లే. రిపబ్లికన్ల తరఫున ఆమెను ప్రశ్నించే పని స్పెక్టర్ తీసుకున్నాడు. గంటల తరబడి, ముద్దాయి తరఫు సాక్షిని బోనులో నిలబెట్టి చీల్చినట్టు క్రాస్ ఎగ్జామినేషన్ చేశాడు. ఆమె ముందు చెప్పిన మాటకీ తర్వాత చెప్పిన మాటకీ చిన్న తేడా పట్టుకుని, ఇది పచ్చి అబద్ధపు సాక్ష్యమే అని టీవీల ముందు అనేశాడు. థామస్ 52-48తో గట్టెక్కాడు.

ఆఫీసులో ఇలాంటివి ఎదుర్కొని నోరు మూసుకున్న ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలియదు. నేనూ ఒకప్పుడు మా పాత ఆఫీసులో ఫిర్యాదు కాగితం రాసుకుని, రెండు వారాలు బ్యాగులో పెట్టుకు తిరిగి, చింపేశాను. ఎందుకు చింపానంటే, లోపల కూర్చున్నవాళ్లు నన్ను ఏమేం అడుగుతారో ముందే తెలుసు కాబట్టి. "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అన్న ప్రశ్న స్పెక్టర్ లాంటి తెలివైన మనిషి నోటి నుంచి వచ్చినప్పుడు దానికి మరింత బలం వస్తుంది. అతని గొప్పతనం లెక్క వేసేటప్పుడు దయచేసి దీన్ని పక్కన పెట్టొద్దు.

గోదారోడు_ఫిల్లీ:
చెలిమి గారూ, పక్కన పెట్టను. మొదటి పోస్టులో ఘోరమైన తప్పు అన్నది దీన్నే. మీరు ఆ కాగితం సంగతి ఇక్కడ రాసినందుకు నా నమస్కారం.

ఆ విచారణ చూసి మండిపోయి లిన్ యేకెల్ అనే ఆవిడ 1992లో ఆయన మీద నిలబడింది. అంతకుముందు ఆమె ఏ ఎన్నికల్లోనూ పోటీ చేయలేదు. ఆయన సుమారు 49 శాతం, ఆమె 46. కొంచెంలో తప్పించుకున్నాడు. ఆ ఏడాదే సెనేట్‌కు కొత్తగా నలుగురు మహిళలు గెలిచి వచ్చారు. అమెరికాలో ఆ ఏడాదిని మహిళల సంవత్సరం అని ఇప్పటికీ పిలుస్తారు.

ఓరుగల్లు వకీలు:
చెలిమి గారు చెప్పినదానికి ఒక వకీలుగా నా మాట. క్రాస్ అనేది కోర్టులో ఉండాల్సిన ఆయుధం. అక్కడ ఎదుటి పక్షానికి లాయరు ఉంటాడు, అడ్డగోలు ప్రశ్న వేస్తే అబ్జెక్షన్ అంటాడు, జడ్జి ఆపుతాడు. సెనేట్ విచారణలో అనితా హిల్‌కు అలా అడ్డుపడేవాళ్లు లేరు. కోర్టు పద్ధతిని తెచ్చి, కోర్టులో ఉండే కాపుదల లేని చోట వాడాడు.

అదే మనిషి 1987లో రాబర్ట్ బోర్క్ నియామకం వచ్చినప్పుడు ఆయన రాతలన్నీ చదివి, రాజ్యాంగం మీద గంటలు గంటలు చర్చించి, సొంత అధ్యక్షుడు రీగన్ పంపిన పేరుకు వ్యతిరేకంగా ఓటేశాడు. 58-42తో బోర్క్ ఓడిపోయాడు, కాదన్న రిపబ్లికన్లు ఆరుగురే. 1999లో క్లింటన్ మీద అభిశంసన వచ్చినప్పుడు అందరూ దోషి అనో నిర్దోషి అనో అంటుంటే, ఈయన లేచి స్కాట్లాండ్ చట్టంలో అప్పట్లో ఉన్న మూడో తీర్పు చెప్పాడు, "రుజువు కాలేదు" అని. నేను ఇన్నేళ్లు బెనిఫిట్ ఆఫ్ డౌట్ కోసం వాదిస్తున్నవాడిని కాబట్టి ఆ మాట విలువ నాకు తెలుసు. సరైన విచారణ జరపలేదు, సాక్షుల్ని పిలవలేదు అన్నది ఆయన కోపం.

ఇక 1984 చట్టం. చొరబడి చేసే దొంగతనం, దోపిడీ కేసుల్లో మూడుసార్లు శిక్షపడ్డవాడి దగ్గర తుపాకీ దొరికితే కనీసం 15 ఏళ్లు. ఇది స్పెక్టర్ తెచ్చిందే. నగరంలో నేరాల్లో ఎక్కువ భాగం కొద్దిమందే మళ్లీ మళ్లీ చేస్తారని డిస్ట్రిక్ట్ అటార్నీగా ఆయనకు తెలిసిన సంగతి. 1986లో దాని పరిధి పెంచారు, అలా చేర్చినదాంట్లో ఒక భాగం మరీ అస్పష్టంగా ఉందని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కనీస శిక్షలు పెట్టి జడ్జి చేతులు కట్టేయడం నాకు ఎప్పుడూ నచ్చదు.

చెలిమి:
వకీలు గారూ, అయితే 2006 సంగతి కూడా చెప్పండి. ఉగ్రవాదులన్న అనుమానంతో అమెరికా గ్వాంతనామో జైల్లో పెట్టిన ఖైదీలకు హెబియస్ కార్పస్ హక్కు, అంటే నన్ను బంధించడం చట్టబద్ధమేనా అని కోర్టును అడిగే హక్కు, తీసేసే బిల్లు వచ్చింది. తీసేయడానికి వీల్లేదని స్పెక్టరే సవరణ పెట్టాడు, 48-51తో అది ఓడిపోయింది. అక్కడితో ఆగకుండా, రాజ్యాంగ విరుద్ధం అని తానే అన్న బిల్లుకు అదే రోజు అవునని ఓటేశాడు. కోర్టులు సరిచేస్తాయిలే అన్నాడు. సాక్ష్యం చూసే మనిషి అంటే ఇదేనా?

ఓరుగల్లు వకీలు:
దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. 2008లో సుప్రీంకోర్టు 5-4తో నిజంగానే సరిచేసింది. ఒక్క జడ్జి అటు ఉంటే?

మైక్రోస్కోప్:
నేను బాల్టిమోర్‌లో ఒక క్యాన్సర్ ల్యాబులో పనిచేస్తాను. మాకు స్పెక్టర్ అంటే పార్టీ కాదు, ఎన్‌ఐహెచ్, అంటే వైద్య పరిశోధనకు డబ్బులిచ్చే ప్రభుత్వ సంస్థ. ఆయన రిపబ్లికన్, ఐయోవా నుంచి టామ్ హార్కిన్ డెమోక్రాట్. ఎవరి పార్టీకి మెజారిటీ వస్తే వాళ్లు ఆ నిధుల సబ్‌కమిటీకి అధ్యక్షులు, ఇంకొకరు పక్కన. ఎవరు ఏ కుర్చీలో ఉన్నా పని ఆగలేదు. 1998లో సుమారు 1,360 కోట్ల డాలర్లున్న ఎన్‌ఐహెచ్ బడ్జెట్ 2003 నాటికి సుమారు 2,700 కోట్లు అయింది. ఐదేళ్లలో రెట్టింపు! నా సీనియర్లలో సగంమంది ఆ రోజుల్లో వచ్చిన గ్రాంట్లతో నిలదొక్కుకున్నవాళ్లే.

ఆయన ఒంట్లో కూడా ఆ పరిశోధన పనిచేసింది. 1993లో మెదడులో కణితి, 1996లో మళ్లీ అదే, 1998లో గుండెకు బైపాస్. 2005లో హాడ్జ్‌కిన్స్ లింఫోమా. కీమో చేయించుకుంటూ, జుట్టంతా పోయిన తలతో సెనేట్ జ్యుడీషియరీ కమిటీ అధ్యక్షుడిగా పనిచేశాడు, కీమో పూర్తయిన కొద్ది వారాలకే సుప్రీంకోర్టుకు జాన్ రాబర్ట్స్ నియామకం విచారణ నడిపాడు. మా అమ్మకు 2019లో లింఫోమా అని తేలింది. రిపోర్టు చేతిలో పట్టుకుని నేను టెన్షన్‌తో వణికిపోతుంటే, ఆ బోడిగుండుతో కూర్చున్న ఆయన ఫోటో అమ్మకు చూపించాను. అమ్మ "ఈయన ఎన్నేళ్లు బతికాడు" అని అడిగింది. ఆ తర్వాత ఏడేళ్లు బతికాడమ్మా, పనిచేస్తూనే బతికాడు అన్నాను. అమ్మ ఇప్పుడు రాజమండ్రిలో బాగానే ఉంది.

గ్రీన్‌కార్డ్ క్యూ:
అమ్మగారు బాగున్నందుకు సంతోషం అన్నా. మనవాళ్లకు నేరుగా తగిలే విషయం ఒకటి నేను కలుపుతాను. 2006లో సెనేట్‌లో వచ్చిన పెద్ద ఇమిగ్రేషన్ బిల్లు స్పెక్టర్ పేరు మీదే ఉంది. అందులో హెచ్-1బీ పరిమితి 65,000 నుంచి 1,15,000కి పెంచాలని, ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు బాగా పెంచాలని ఉంది. మే 25న సెనేట్‌లో 62-36తో పాస్ అయింది. ప్రతినిధుల సభ దాన్ని ముట్టుకోలేదు, వాళ్ల దగ్గర అంతకు ముందే పాస్ చేసిన బిల్లు ఒకటుంది, అందులో అంతా సరిహద్దు, శిక్షలే. రెండూ కలవలేదు, పోయింది. అప్పట్లో హైదరాబాద్ నుంచి వచ్చి ఇప్పటికీ క్యూలో ఉన్నవాళ్లు నాకు తెలుసు, వాళ్ల పిల్లలు ఇక్కడే కాలేజీకి వచ్చేశారు. మధ్యలో నిలబడి రెండు వైపులా మాట్లాడగలిగే మనిషి లేకపోతే ఎవరికి నష్టమో మాకు బాగా తెలుసు.

కరీంనగర్ కుర్రోడు:
సరే అన్నా, చాలా తెలుసుకున్నా. కానీ 2009 దగ్గరికి రండి. మన దగ్గర 1985లో పదో షెడ్యూల్ తెచ్చారు కదా ఫిరాయింపులు ఆపాలని, ఆగకపోయినా చట్టం అంటూ ఒకటుంది. అక్కడ అదీ లేదు. రిపబ్లికన్‌గా గెలిచి ఆ సీటుతోనే డెమోక్రాట్ అయిపోవచ్చు. ఓటేసినవాడి సంగతేంటి?

గోదారోడు_ఫిల్లీ:
ఇదే అసలు ప్రశ్న తమ్ముడూ, కొంచెం పెద్దగా రాస్తాను.

ముందు 2004 చూడు. పాట్ టూమీ అనే గట్టి కన్సర్వేటివ్ ప్రైమరీలో పోటీకి దిగాడు. అధ్యక్షుడు బుష్ వచ్చి స్పెక్టర్ వైపు నిలబడ్డా, పది లక్షలకు పైగా ఓట్లు పోలైతే తేడా 17 వేలే. తర్వాత 2008లో ఒబామా హడావుడిలో పెన్సిల్వేనియాలో రెండు లక్షల మందికి పైగా రిపబ్లికన్లు రిజిస్ట్రేషన్ మార్చుకుని డెమోక్రాట్లు అయిపోయారు. వాళ్లే ఇన్నాళ్లూ ఈయనకు ప్రైమరీలో ఓటేసిన మధ్యస్థులు. అంటే ఈయన పార్టీ మారకముందే ఈయన ఓటర్లు మారిపోయారు.

2009 ఫిబ్రవరిలో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుంటే 78,700 కోట్ల డాలర్ల ప్యాకేజీ వచ్చింది. అవునన్న రిపబ్లికన్ సెనేటర్లు ముగ్గురే, మెయిన్ నుంచి సూసన్ కాలిన్స్, ఒలింపియా స్నో, మూడోది ఈయన. అందులో ఎన్‌ఐహెచ్‌కి 1,000 కోట్లు పెట్టించాడు కూడా. ఆ రోజుల్లో జరిగిన ఒక మాట ఆయనే బయటికి చెప్పాడు. సొంత పార్టీ సెనేటర్ ఒకాయన వచ్చి, నిన్ను చూస్తే గర్వంగా ఉంది అన్నాడట. మరి నువ్వూ ఓటేస్తావా అంటే, వెయ్యను, నాకు ప్రైమరీ రావచ్చు అన్నాడట. నాకు ప్రైమరీ ఖాయమని నీకు తెలుసు కదా అని ఈయన అన్నాడు. పేరు మాత్రం చెప్పలేదు.

ఆ ఓటుతో ప్రైమరీ దారి మూసుకుపోయింది. ఏప్రిల్ 28న పార్టీ మారాడు. తన 29 ఏళ్ల రికార్డు మీద తీర్పు చెప్పే పని రిపబ్లికన్ ప్రైమరీ ఓటర్లకు అప్పగించలేనని దాపరికం లేకుండా చెప్పాడు. తప్పా అంటే, ఓటేసినవాళ్ల వైపు నుంచి చూస్తే నువ్వన్నది నిజమే, రాజీనామా చేసి మళ్లీ నిలబడి ఉంటే నాకు గౌరవం ఇంకా పెరిగేది. కానీ మన దగ్గర మంత్రి పదవి కోసం మారేవాళ్లతో దీన్ని కలపలేను. ఇక్కడ ఆయనకు దక్కింది ఏమిటో చూడు. కొత్త పార్టీ ఆయన సీనియారిటీ తీసేసి కమిటీల్లో అందరికన్నా వెనక సీటు ఇచ్చింది. ఆ డిసెంబరు 24న ఒబామా ఆరోగ్య బీమా బిల్లుకు కావాల్సిన 60 ఓట్లలో ఈయనది ఒకటి. ఒబామా, బైడెన్ అండగా ఉన్నా, 2010 మే 18న డెమోక్రాట్ ప్రైమరీలో నేవీలో వైస్ అడ్మిరల్‌గా పనిచేసిన జో సెస్టాక్ 54-46తో ఓడించాడు. నేను టీవీలో చూసిన ప్రకటన సెస్టాక్‌దే. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అలా అయిపోయింది. నవంబరులో ఆ సీటు చివరికి టూమీకే పోయింది.

పాత పేపర్లు:
ఒకటి చెప్పి నేను పడుకుంటాను, ఇక్కడ రాత్రి ఒంటిగంట అయింది. 2010 డిసెంబరు 21న సెనేట్‌లో ఆయన చివరి ప్రసంగం. వీడ్కోలు ప్రసంగం అనడానికి ఒప్పుకోలేదు, ముగింపు వాదన అన్నాడు. ప్రైమరీల్లో సొంత పార్టీవాళ్లనే ఓడించడాన్ని నరమాంస భక్షణతో పోల్చాడు. 2012 అక్టోబరు 14న, 82వ ఏట ఫిలడెల్ఫియాలో పోయాడు.

ఇంకో సంగతి. ఆయన తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుడు. ఇస్తామన్న బోనస్ కోసం 1932లో మాజీ సైనికులు వాషింగ్టన్ వెళితే సైన్యాన్ని పెట్టి తరిమేశారు. మా నాన్న బోనస్ వసూలు చేయడానికే నేను వాషింగ్టన్ బయల్దేరాను అని ఆయన సభల్లో చెప్పుకునేవాడు.

చెలిమి:
చదివాను ఆ ప్రసంగం, పాత పేపర్లు గారూ. మంచి ప్రసంగమే. అనితా హిల్ ప్రస్తావన కోసం వెతికాను.

గోదారోడు_ఫిల్లీ:
అర్థమైంది చెలిమి గారూ.

నాకు పోయిన ఏడాది సిటిజన్‌షిప్ వచ్చింది. పెన్సిల్వేనియాలో ప్రైమరీ ఓటు వేయాలంటే రెండు పార్టీల్లో ఒకదానిలో రిజిస్టర్ అయి ఉండాలి, ఏ పార్టీ వద్దు అని రాసుకుంటే అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీలో ఓటు ఉండదు. నేను వద్దు అనే రాసుకున్నాను. ఇప్పుడు మార్చుకోవాలంటే ఎన్నికకు 15 రోజుల ముందే చేయాలి. స్పెక్టర్ లాంటివాళ్లు గెలిచేదీ ఓడేదీ ఆ ప్రైమరీలోనే అని తెలిశాక ఇంట్లో కూర్చోబుద్ధి కావడం లేదు. ఇక్కడ ఉన్న మనవాళ్లు ఎవరైనా ఏదో ఒక పార్టీలో పేరు రాయించుకున్నారా, ఎలా నిర్ణయించుకున్నారో చెప్పండి. వేరే రాష్ట్రాలవాళ్లు మీ దగ్గర పద్ధతి ఏంటో కూడా రాయండి.